సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది? టీచర్లను అడిగే నాలుగు పద్ధతుల్లో ఎవరికి ఏది

ఒక మండలంలో ఏడో తరగతి పిల్లలకు భిన్నాల లెక్కల్లో మార్కులు రాలేదనుకోండి. కారణం మూడింట్లో ఏదైనా కావచ్చు. ఆ పాఠం ఇంకా మొదలే కాలేదు. లేదా అయింది గానీ రెండు పీరియడ్లలో సూత్రం చెప్పి ముగించారు. లేదా బాగానే చెప్పారు, పిల్లలకు ఎక్కాలే సరిగ్గా రావు కాబట్టి తలకెక్కలేదు. మార్కుల పట్టిక ఈ మూడింటినీ ఒకేలా చూపిస్తుంది. మొదటిదానికి కావాల్సింది పీరియడ్లు, రెండోదానికి శిక్షణ, మూడోదానికి పునాది తరగతులు. తేడా తెలుసుకోకుండా అందరికీ ఒకే శిక్షణ పెడితే డబ్బూ పోతుంది, టీచర్ల ఓపికా పోతుంది.

ఆ తేడా చెప్పగలిగేది తరగతిలో ఉన్న టీచరే. అడగడానికి ఇప్పుడు ఫోన్ చాలు. అయితే ఫారం ఏడాదికోసారి పంపాలా, పాఠం అయిన ప్రతిసారీ పంపాలా, రోజూ పంపాలా, లేక ఫారం పక్కనపెట్టి తరగతిలోకి వెళ్లి కూర్చోవాలా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయాల్లో పనిచేసేవాళ్లు, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గర దగ్గర బడుల సమూహం) హెచ్‌ఎంలు, తిరుపతిలో ఎం.ఎడ్. ప్రాజెక్టు కోసం బడుల చుట్టూ తిరిగే విద్యార్థులు, నాలుగైదు శాఖలున్న ప్రైవేటు బడుల యాజమాన్యాలు, వీళ్లందరికీ ఒకే జవాబు సరిపోదు. తొందరలో ఉన్నవాళ్లకు మాత్రం ఒక్క మాట: ఎటూ తేలకపోతే యూనిట్ అయిపోయిన వారంలో పది నిమిషాల ఫారం పంపండి, దాన్ని కొన్ని బడుల్లో నోటుపుస్తకాలతో సరిచూడండి. ఎందుకో కింద ఉంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ అసలు ప్రశ్న ఏమిటి? పాఠం చెప్పారా, ఎంతసేపు చెప్పారు, ఎంత లోతుగా చెప్పారు, ఎంత బాగా చెప్పారు: ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. మొదటి రెండింటికీ సర్వే మంచి సాధనం. మూడోదానికి ప్రశ్న జాగ్రత్తగా రాస్తే పనికొస్తుంది. నాలుగోదానికి ఏ సర్వే పనికిరాదు. ఎంత నిజాయితీపరుడైనా తన బోధనకు తానే మార్కులు వేసుకోలేడు.

రెండోది జ్ఞాపకం. ఏప్రిల్‌లో కూర్చుని జులైలో భిన్నాలకు ఎన్ని పీరియడ్లు పట్టాయో ఎవరికీ గుర్తుండదు. "చెప్పానా లేదా" అన్నది ఏడాది తర్వాతా గుర్తుంటుంది. "ఎన్ని పీరియడ్లు" అన్నది రెండు మూడు వారాలు ఉంటుంది. "పిల్లలు సొంతంగా ఎంతసేపు లెక్కలు చేశారు" అన్నది ఒకటి రెండు రోజుల్లో చెరిగిపోతుంది. మీరు అడిగే ప్రశ్నే ఎప్పుడు అడగాలో నిర్ణయిస్తుంది.

మూడోది, అన్నిటికంటే బరువైనది: జవాబు ఎవరు చూస్తారు? ఫారంలో ట్రెజరీ ఐడీ (ప్రభుత్వ టీచరు ఎవరో చెప్పే జీతాల నంబరు) అడిగారంటే వచ్చే జవాబు "సిలబస్ పూర్తయింది" అనే. టీచరు అబద్ధం ఆడాలనుకుని కాదు. వెనకబడ్డానని రాస్తే మెమో వస్తుందేమోనన్న భయం. ఆ భయం ఉన్నంతకాలం ఎంత మంచి ఫారమైనా క్యాలెండర్‌లో ముందే రాసి ఉన్నదాన్నే తిప్పి మీకు ఇస్తుంది.

నాలుగోది టీచరు సమయం. హాజరు, మధ్యాహ్న భోజనం, మరెన్నో వివరాలు ఇప్పటికే ఫోన్‌లో నింపుతున్నారు. మీది ఇంకొకటి. లెక్క ముందే వేసుకోండి: 200 మంది టీచర్లకు 10 నిమిషాల ఫారమంటే 33 గంటలు. 40 మంది చేత 20 రోజులు, రోజుకు 5 నిమిషాల చొప్పున రాయిస్తే 4,000 నిమిషాలు, దాదాపు 67 గంటలు. ఆ గంటలన్నీ పిల్లల నుంచో ఇంటి నుంచో తీసుకున్నవే.

ఐదోది సిగ్నలూ భాషా. తలకోన చుట్టుపక్కల కొండ ఊళ్లలో పనిచేసే టీచరుకూ తిరుపతి పట్టణంలోని టీచరుకూ నెట్ ఒకేలా అందదు. సత్యవేడు, నగరి, కుప్పం వైపు తమిళ మాధ్యమం బడులున్నాయి. తెలుగు ఫారం ఒక్కటే పంపితే వాళ్లు మౌనంగా జాబితాలోంచి జారిపోతారు.

## నాలుగు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | ఒక్కో టీచరుకు పట్టే సమయం | దేనికి మేలు | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| సంవత్సరాంతపు సర్వే | 20–30 నిమిషాలు, ఒకసారి | ఏ పాఠాలు మిగిలిపోయాయో జిల్లా మొత్తానికి చూడటానికి | పీరియడ్ల లెక్క, లోతు గుర్తుండవు |
| యూనిట్ ముగిశాక ఫారం | 8–10 నిమిషాలు, ఏడాదికి 4–6 సార్లు | పీరియడ్లు, ఉపపాఠాలు, ఓ మేరకు లోతు | మూడోసారి నుంచి జవాబులు తగ్గుతాయి |
| రోజువారీ లాగ్ (ఆ రోజు పాఠం గురించి టీచరు రాసే చిన్న నమోదు) | రోజుకు 3–5 నిమిషాలు, 15–20 రోజులు | తరగతిలో సమయం ఎలా గడిచిందో | అలసట. మానేసేవాళ్లే ఎక్కువ బిజీగా ఉండేవాళ్లు |
| తరగతి పరిశీలన | పీరియడ్ మొత్తం, తర్వాత కాసేపు మాట | బోధన నాణ్యత, పిల్లల స్పందన | ఖర్చు. చూసిన ఒకటి రెండు రోజులే తెలుస్తాయి |

సంవత్సరాంతపు సర్వే. అంతర్జాతీయంగా బాగా నలిగిన పద్ధతి ఇది. 1995 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే టిమ్స్ అనే పలు దేశాల పరీక్షల్లో గణితం, సైన్సు టీచర్లను ఒక్కో అంశం గురించి మూడే మూడు మాటల్లో అడుగుతారు: ఇంతకుముందు తరగతుల్లోనే చెప్పేశారా, ఈ ఏడాది చెప్పారా, ఇంకా చెప్పలేదా లేక ఇప్పుడే మొదలుపెట్టారా. ఇంత సాదాగా ఉండటమే దాని బలం. ఏడాది చివర కూడా నిజంగా గుర్తుండేది ఆ మాత్రమే. మీకూ జిల్లా స్థాయిలో "ఏ పాఠం ఎక్కువ బడుల్లో మిగిలిపోతోంది" అన్న ఒక్క ప్రశ్నే ఉంటే ఇది చాలు. దీంట్లోకి పీరియడ్ల లెక్క, గ్రూపు పని, ప్రాజెక్టులు ఎక్కించొద్దు. ఎక్కిస్తే వచ్చేవి అంచనాలు, వాటికి దశాంశాలు వేసి నివేదిక రాయడం తప్పు.

యూనిట్ ముగిశాక ఫారం. ఎక్కువమందికి నేను సూచించేది ఇదే. పాఠం ముగిసిన వారంలోనే అడుగుతారు కాబట్టి టీచరు డైరీ తెరిస్తే పీరియడ్ల లెక్క అక్కడే ఉంటుంది, జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు. ఒక్క యూనిట్ గురించే కాబట్టి నాలుగైదు ఉపపాఠాలుగా విడదీసి అడగొచ్చు. ఇబ్బంది ఒకటుంది. అందరూ ఒకే వారంలో ఆ యూనిట్ ముగించరు. "ఆగస్టు 20లోగా నింపండి" అని తేదీ పెట్టి ఒత్తిడి చేస్తే ముగించనివాళ్లు కూడా ముగించామని నింపుతారు. అందుకే మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "ఈ యూనిట్ ఇప్పుడు ఏ దశలో ఉంది? మొదలుపెట్టలేదు / జరుగుతోంది / ముగిసింది." మొదలుపెట్టలేదన్నవాళ్లకు ఫారం అక్కడే అయిపోవాలి. అలా చెప్పినందుకు వాళ్లకు పని తగ్గాలే తప్ప పెరగకూడదు.

రోజువారీ లాగ్. మిషిగన్ విశ్వవిద్యాలయం నడిపిన ఒక పెద్ద అధ్యయనంలో ప్రాథమిక తరగతుల భాష, గణితం టీచర్లు ఇలాంటి లాగ్‌లు రాశారు. అందులో బయటపడిన ముఖ్య సంగతి, ఒకే టీచరు పాఠం రోజు రోజుకూ చాలా మారుతుందని. సోమవారం కొత్త అంశం, మంగళవారం అభ్యాసం, బుధవారం పరీక్ష. ఒక్కరోజు చూసి "ఈయన ఇలా చెబుతారు" అనకూడదన్నమాట. లాగ్ ఈ హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది. కానీ ఎంత చిన్న లాగైనా రెండో వారం చివరికి ఖాళీలు మొదలవుతాయి. ఏకోపాధ్యాయ బడుల టీచర్లు ముందు మానేస్తారు. వాళ్ల సంగతి తెలుసుకోవడానికే మీరు మొదలుపెట్టి ఉంటే పని అక్కడే ఆగిపోయినట్టు. వరుసగా 20 రోజులకు బదులు నెలకు ఐదు రోజుల చొప్పున నాలుగు నెలలు తీసుకుంటే నిలబడుతుంది.

తరగతి పరిశీలన. ప్రపంచ బ్యాంకు 2019లో తెచ్చిన టీచ్ అనే పరిశీలన పద్ధతిలో పరిశీలకులు 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు చూసి నమోదు చేస్తారు. బోధన నాణ్యత గురించి మాట్లాడాలంటే ఇలాంటిది తప్పదు. ఖర్చు చూడండి: 40 మంది టీచర్లను రెండేసి సార్లు చూడాలంటే 80 పరిశీలనలు. పలమనేరు నుంచి బైరెడ్డిపల్లె, అక్కడినుంచి వి.కోట అని తిరిగే మనిషి రోజుకు రెండు బడులు చూడగలిగితే గొప్ప. ఒక్క మనిషికి 40 పనిదినాలు. పైగా ఇద్దరు పరిశీలకులు ఒకే తరగతిని ఒకేలా నమోదు చేసేదాకా శిక్షణ ఇవ్వాలి. మరొక పరిమితి, సిలబస్ ఎంత జరిగిందో దీంతో తెలియదు. మీరు వెళ్లిన రోజు ఏ పాఠం జరిగిందో అంతే.

సర్వేకీ పరిశీలనకూ ఎంతవరకు పొంతన ఉంటుంది? 1999లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం ఆల్జీబ్రా టీచర్ల సర్వే జవాబులను వాళ్ల తరగతుల పరిశీలనతో పోల్చింది. చాలా ప్రశ్నలు కలిపి తయారుచేసిన మొత్తం సూచిక బాగా సరిపోయింది, ఒక్కొక్క ప్రశ్న విడిగా చూస్తే అంత నమ్మకంగా లేదు. మనకు దీంట్లో ఉన్న పాఠం: ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబు పట్టుకుని తీర్మానాలు చేయొద్దు. ఒకే సంగతిని మూడు నాలుగు ప్రశ్నల్లో అడిగి కలిపి చూడండి.

## ఫారంలో ఏం రాయాలి

పద్ధతి సరిగ్గా ఎంచుకుని ప్రశ్నల దగ్గర చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం.

"సిలబస్ ఎంత శాతం పూర్తయింది?" అన్న ప్రశ్నను ముందు తీసేయండి. ఒకరికి పూర్తవడమంటే పాఠం చదివి వినిపించడం, ఇంకొకరికి అభ్యాసాలన్నీ చేయించడం, మరొకరికి యూనిట్ టెస్ట్ పెట్టడం. 80 శాతం అన్న అంకె ముగ్గురి నోటా వచ్చినా మూడు వేర్వేరు సంగతులు. దాని బదులు ఉపపాఠాలను పాఠ్యపుస్తకంలో ఉన్న పేర్లతో, ఉన్న వరుసలో ఇవ్వండి. పేర్లు మీరు మార్చొద్దు, అనువదించొద్దు. టీచరు పుస్తకం పక్కన పెట్టుకుని నింపేలా ఉండాలి.

"మీరు విద్యార్థి కేంద్రిత బోధన చేస్తున్నారా?" అన్నదీ అంతే. కాదని ఎవరూ రాయరు. ఇలా మార్చండి: "ఈ యూనిట్‌లో మీరు చెప్పిన చివరి పీరియడ్‌లో, పిల్లలు బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడం కాక సొంతంగా లెక్కలు చేసిన సమయం ఎంత? అసలు లేదు / 10 నిమిషాల లోపు / 10 నుంచి 20 / 20 దాటి." చివరి పీరియడ్ అని కచ్చితంగా చెప్పడం వల్ల టీచరు ఒక నిజమైన రోజును గుర్తుచేసుకుంటారు. "సాధారణంగా" అని అడిగితే తాము ఎలా చెప్పాలనుకుంటారో అది రాస్తారు.

లోతు గురించి అడగడానికి మంచి నమూనా ఆండ్రూ పోర్టర్ బృందం అమెరికాలో అభివృద్ధి చేసిన 'అమలైన పాఠ్యప్రణాళిక సర్వే'. ఆ ఫారంలో ప్రతి అంశానికీ రెండు ప్రశ్నలుంటాయి. ఎంత సమయం: అసలు లేదు, ఒక్క పీరియడ్ కంటే తక్కువ, ఒకటి నుంచి ఐదు, ఐదు దాటి. తర్వాత పిల్లల చేత ఏం చేయించారు: గణితానికైతే ఐదు మెట్లు, గుర్తుపెట్టుకోవడం, పద్ధతి ప్రకారం చేయడం, అర్థం చెప్పడం, ఊహించి నిరూపించడం, కొత్తరకం సమస్య సాధించడం.

ఈ మెట్ల పేర్లు అలాగే ఫారంలో పెడితే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ప్రతి మెట్టుకూ ఆ యూనిట్‌లోంచే ఉదాహరణ ఇవ్వాలి. భిన్నాల భాగహారమే తీసుకోండి. "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించు" అని ఒప్పజెప్పించడం మొదటి మెట్టు. అలాంటివి పది లెక్కలు చేయించడం రెండోది. ముప్పావు లీటరు మజ్జిగను అర లీటరు గ్లాసులతో కొలిస్తే ఒకటిన్నర గ్లాసు ఎందుకొచ్చిందో బొమ్మ గీసి చెప్పించడం మూడోది. ఉదాహరణ కళ్లముందు ఉంటే టీచరుకు ఏ గడిలో టిక్ పెట్టాలో సందేహం ఉండదు. మా సలహా, ఐదు మెట్లలో మొదటి మూడు చాలు, మిగతా రెంటినీ "ఇంతకంటే కష్టమైనవి" అని ఒకే గడిలో కలిపేయండి. ఐదు మెట్లు, ఐదు ఉపపాఠాలు అంటే 25 గడులు. ఫోన్ తెర మీద అది నరకం.

బహుళ తరగతుల బడులకు ప్రత్యేకంగా ఒక ప్రశ్న కావాలి: "ఈ పాఠం చెప్పేటప్పుడు ఒకే గదిలో ఎన్ని తరగతులు ఉన్నాయి?" ఒకే టీచరు ఐదు తరగతులు చూసే చోట పీరియడ్ అన్న కొలతకు అర్థం లేదు. అక్కడ నిమిషాల్లో, రోజుల్లో అడగండి. ఈ ప్రశ్న లేకపోతే ఆ బడుల అంకెలు మిగతావాటితో కలిసిపోయి, లేని వెనకబాటును చూపిస్తాయి.

ఒక ఉపాయం కూడా చెప్పాలి. అంశాల జాబితాలో ఆ తరగతిలో లేనిదాన్ని ఒకటి చేర్చండి. ఏడో తరగతి గణితం ఫారంలో త్రికోణమితి నిష్పత్తులు ఉంచితే, అదీ చెప్పామని టిక్ పెట్టినవాళ్లు జాబితా చదవకుండా నింపారని అర్థం. ఇలాంటివి ఎక్కువగా వస్తే ఫారం పొడవు తగ్గించాలి. ఎవరు పెట్టారో వెతకడానికి దీన్ని వాడొద్దు. వాడారని ఒక్కసారి తెలిస్తే తర్వాత ఎవరూ నమ్మరు.

రాసి జవాబివ్వాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంచండి. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం చాలామందికి కష్టం. "ఈ యూనిట్‌లో మీ సమయాన్ని ఎక్కువగా తినేసింది ఏది?" అన్న ఒక్క ప్రశ్నకు రెండు ముక్కలు రాసినా, మిగతా ప్రశ్నలు చెప్పలేని కారణం దొరుకుతుంది.

పంపే ముందు ఐదుగురు టీచర్లకు ఫోన్ చేసి, ప్రతి ప్రశ్నా పైకి చదువుతూ నింపమనండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ రెండోసారి చదివారో రాసుకోండి. ఐదుగురిలో ఇద్దరు ఆగిన ప్రశ్నను మార్చాల్సిందే.

## గూగుల్ ఫారమా, కోబోనా, వాట్సాప్ పోలా

గూగుల్ ఫారం ఉచితం, అందరికీ అలవాటు, జవాబులు నేరుగా షీట్‌లోకి వస్తాయి. "ముగిసింది" అన్నవాళ్లను ఒక విభాగానికి, "మొదలుపెట్టలేదు" అన్నవాళ్లను నేరుగా చివరికి పంపొచ్చు. లోపాలు మూడు. నెట్ లేకుండా నింపడం కుదరదు. గడుల ప్రశ్న చిన్న ఫోన్‌లో పక్కకు జరపాల్సి వస్తుంది, తెలుగు పదాలు పొడుగు కాబట్టి మరీ ఇబ్బంది, చివరి గడి కనపడక వదిలేస్తారు. కాబట్టి గడుల బదులు ఉపపాఠానికో విడి ప్రశ్న పెట్టండి. మూడోది, సమర్పించిన సమయమే నమోదవుతుంది, ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు. రెండు నిమిషాల్లో నింపేశారా, పది నిమిషాలు ఆలోచించారా అన్నది తేలదు. "ఒకరికి ఒక్క జవాబే" అన్న మీట నొక్కితే గూగుల్ ఖాతాతో లోపలికి రమ్మంటుంది. పేర్లు కనపడవని మీరెంత చెప్పినా కొందరు అక్కడే వెనక్కి వెళ్లిపోతారు.

కోబో టూల్‌బాక్స్ సర్వే ఫారాలు తయారుచేసే సాధనం, నేర్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది. ప్రశ్నలు అందులోనే తయారుచేయొచ్చు, లేదా ఎక్సెల్ షీట్‌లో రాసి ఎక్కించొచ్చు. బదులుగా నెట్ లేకున్నా నింపొచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. ఒకే ఫారంలో తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లిషు పక్కపక్క వరుసల్లో ఉంచి టీచరునే భాష ఎంచుకోనివ్వొచ్చు. మొదలు, ముగింపు సమయాలు నమోదు చేయించుకోవచ్చు. సరిహద్దు మండలాలు, కొండ ఊళ్లు మీ జాబితాలో ఉంటే ఆ రెండు రోజుల కష్టానికి ఫలితం ఉంది.

వాట్సాప్ పోల్ సర్వే కాదు. గ్రూపులో ఎవరు దేనికి ఓటేశారో సాధారణంగా అందరికీ కనిపిస్తుంది, హెచ్‌ఎం సార్ ఏది నొక్కితే మిగతావాళ్లూ అదే నొక్కుతారు. సమావేశం ఏ రోజు పెట్టాలో అడగడానికి వాడండి, అంతే. ఫారం లింకును కూడా గ్రూపులో పడేయొద్దు. అందరి తరఫునా ఒక్కరే నింపి పంపడం అక్కడే మొదలవుతుంది. ఎవరిది వాళ్లకు విడిగా పంపండి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఎంఈఓ కార్యాలయం, కాంప్లెక్స్ హెచ్‌ఎం. మీకు అనుకూలం అందుబాటు, ప్రతికూలం అధికారం. కాంప్లెక్స్ సమావేశంలో పది నిమిషాలిస్తే దాదాపు అందరూ నింపుతారు. కానీ పక్కవాళ్లవి చూసి నింపుతారు, మీరు గదిలో ఉంటే జాగ్రత్తపడి నింపుతారు. రెంటికీ మధ్య దారి: సమావేశంలో ఫారం ఎందుకో ఐదు నిమిషాలు చెప్పి, బడి పేరు గానీ టీచరు పేరు గానీ అడగకుండా, ఆ సాయంత్రం ఇంట్లో నింపమనండి. ఇక్కడొక చిక్కుంది. పేర్లు అడగకపోయినా, ఒకే గదిలో ఐదు తరగతులన్న జవాబుతోనే ఏకోపాధ్యాయ బడి టీచరు దొరికిపోతారు. చిన్న మండలంలో తమిళ మాధ్యమం గణితం టీచరు ఒక్కరే ఉండొచ్చు. ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న ఏ గుంపు అంకెలనూ విడిగా చూపనని ముందే చెప్పండి, మాట నిలబెట్టుకోండి.

ఎం.ఎడ్., పరిశోధన విద్యార్థులు. మీ సమయం తక్కువ, మీ మాటకు భయపడేవాళ్లు లేరు, అదే మీ బలం. 60 నుంచి 100 మంది టీచర్లకు ఒకటి రెండు యూనిట్ల ఫారం, పది తరగతుల్లో పరిశీలన, ఇది ఒక మనిషి చేయగలిగిన పని. తెలిసినవాళ్లకు లింకు పంపి, వాళ్లు ఇంకొందరికి పంపి, వచ్చిన 100 జవాబులను "జిల్లా టీచర్లు" అని రాయకండి. బడుల జాబితా తీసుకుని, ప్రాథమిక, ఉన్నత అని, మాధ్యమాల వారీగా విడదీసి చీటీలు తీయండి. అలా తీసిన 100 మందిలో 60 శాతం ఒక మాట చెబితే అసలు సంఖ్య 50 నుంచి 70 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 52 శాతానికీ 58 శాతానికీ తేడా ఉందని వాదించడానికి ఆ లెక్క సరిపోదు. బడుల జాబితా కొత్తదే వాడండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మండలాలు అటూ ఇటూ మారాయి, పాత జాబితా పట్టుకుంటే వేరే జిల్లా బడులు కలిసిపోతాయి. ప్రభుత్వ బడులకైతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనుమతి ముందే తీసుకోండి, దానికి పట్టే వారాలను మీ ప్రణాళికలో కలుపుకోండి.

ప్రైవేటు బడుల యాజమాన్యం. నాలుగైదు శాఖల్లో కలిపి గణితం టీచర్లు పదిహేను మంది ఉంటే సర్వే అక్కర్లేదు. సబ్జెక్టు బాధ్యులు ఒకరు నెలకోసారి ఒక్కొక్కరితో డైరీ పెట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడితే ఫారం కంటే ఎక్కువ తెలుస్తుంది. జీతం పెంపుతో గానీ కొనసాగింపుతో గానీ దీన్ని ముడిపెట్టకండి. ముడిపెడితే డైరీలు అందంగా తయారవుతాయి, తరగతి మారదు.

స్వచ్ఛంద సంస్థలు. మీ శిక్షణ పనిచేసిందో లేదో చూడాలంటే లాగ్ మంచిది, శిక్షణ పొందనివాళ్ల చేత కూడా రాయించగలిగితేనే. శిక్షణ తీసుకున్నవాళ్లనే అడిగితే మీరు నేర్పిన మాటలే తిరిగి మీకు చెబుతారు.

## మన దగ్గర ఎప్పుడు అడగాలి

సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. మొదటి ఫారం జులై చివర. దసరా సెలవులకు ముందు వారం వద్దు, బడులన్నీ సెలవుల తొందరలో ఉంటాయి. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలకు సూళ్లూరుపేట, తడ వైపు, కొన్నిసార్లు తిరుపతి చుట్టూ కూడా సెలవులు ఇస్తారు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఆ నెల ఫారంలో "ఈ యూనిట్ జరుగుతుండగా వానల వల్ల, ఇతర కారణాల వల్ల ఎన్ని రోజులు బడి లేదు?" అని తప్పక అడగండి. లేకపోతే వాన చేసిన ఆలస్యం టీచరు ఖాతాలో పడుతుంది. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి జనవరి తర్వాత జరిగేది ఎక్కువగా పునశ్చరణ. కొత్తగా చెప్పిన పీరియడ్లనూ పునశ్చరణ పీరియడ్లనూ విడివిడిగా అడగాలి.

ఫారం పంపాక మూడో రోజు ఒకసారి, ఆరో రోజు ఒకసారి గుర్తుచేయండి, అంతకు మించొద్దు. పదో రోజున మూసేయండి. ఆలస్యంగా పంపినవాళ్ల జవాబులు ముందు పంపినవాళ్ల కంటే బాగా వేరుగా ఉంటే, అసలు పంపనివాళ్లు ఇంకా వేరుగా ఉంటారని అనుమానించాలి.

## జవాబులు వచ్చాక

ముందు సరిచూడటం. పది బడుల్లో, టీచర్ల అనుమతితో, హాజరుపట్టీలో 5, 15, 25వ నంబరు పిల్లల నోటుపుస్తకాలు తీయండి. ఆ యూనిట్ మొదటి లెక్క తేదీ, చివరి లెక్క తేదీ రాసుకోండి. ఫారంలో తొమ్మిది పీరియడ్లని ఉండి పుస్తకంలో మూడు తేదీలే ఉంటే ఆగి ఆలోచించాలి. అబద్ధమని వెంటనే అనుకోకండి. నోటి లెక్కలు, బోర్డు దగ్గర చేయించినవి పుస్తకంలోకి రావు. గైడు చూసి ఎక్కించినవి నిండుగా కనిపిస్తాయి.

తర్వాత ప్రణాళికకూ జరిగినదానికీ ఎంత పొంతన ఉందో ఒక అంకెలో చూడొచ్చు. పోర్టర్ వాడిన లెక్క చాలా తేలిక. ఉదాహరణకు నాలుగు ఉపపాఠాలకు ప్రణాళికలో సమయం 30, 30, 20, 20 శాతం అనుకోండి. టీచర్లు చెప్పింది 40, 35, 15, 10. తేడాలు 10, 5, 5, 10, మొత్తం 30. అందులో సగం 15 శాతం, అంటే 0.15. ఒకటిలోంచి తీసేస్తే 0.85. ఒకటి అంటే పూర్తి పొంతన, సున్నా అంటే అసలు లేదు. ఈ అంకెతో బడులకు ర్యాంకులివ్వొద్దు. పొంతన తక్కువైనంత మాత్రాన తప్పు కాదు, పిల్లలకు గుణకారం రాక మొదటి ఉపపాఠం దగ్గర ఎక్కువ రోజులు ఆగిన టీచరు సరైన పనే చేసి ఉండొచ్చు. అంకె కంటే ఆ నాలుగు వరుసల్లో ఏది ఎంత తప్పిందన్నదే మీకు ఉపయోగం.

రెండు వారాల్లోగా ఒకే ఒక్క పేజీ టీచర్లకే ముందు పంపండి. మూడే సంగతులు ఉండాలి: ఏ ఉపపాఠానికి అనుకున్నదాని కంటే ఎక్కువ పీరియడ్లు పట్టాయి, ఏది చాలా బడుల్లో మిగిలిపోయింది, సమయాన్ని తినేసిందని ఎక్కువమంది రాసినది ఏది. తర్వాతి కాంప్లెక్స్ సమావేశంలో ఆ పేజీ బల్ల మీద పెట్టి, మొదటి వరుస గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పే కారణాల్లోంచే రెండో ఫారం ప్రశ్నలు రాసుకోండి, మొదటి ఫారంలో పనికిరాని మూడు ప్రశ్నలు తీసేసి.